కాలు నిలిస్తే వేలు లేచింది

చిక్కబళ్ళాపురం ప్రత్యేక జిల్లా అయిన కొన్నేళ్ళకు, ఒక జూలై నెలలో, నాకు బాగేపల్లి తాలూకా శిబిరానికి డ్యూటీ వేశారు. అప్పటికే నేను సర్కారు ఆసుపత్రుల్లో ఆడియోమెట్రిస్టుగా చాలా ఏళ్ళు పనిచేసి ఉన్నాను. ఎవరికి ఎంత వినిపిస్తుందో యంత్రం పెట్టి కొలిచే ఉద్యోగం అది. పేరు నోరు తిరగదని ఆసుపత్రిలో అందరూ నన్ను 'చెవుల సారు' అనేవాళ్ళు. నా పైన చెవి, ముక్కు, గొంతు డాక్టరుగారు ఉండేవారు. నా కింద ఎవరూ లేరు, కాబట్టి యంత్రం పెట్టె మోసేది కూడా నేనే. మాది చింతామణిలో చిల్లర అంగడి. మా నాన్న జీవితమంతా కందిబేడలు తూచాడు. కొడుకు చెవులు తూచడానికి చదువుకున్నాడని ఆయనకు చివరి దాకా కాస్త చిన్నతనంగానే ఉండేది.

నెలకో తాలూకాలో శిబిరం పెట్టి, చెవిటివాళ్ళమని చెప్పుకునేవారిని పరీక్షించి, వినికిడి ఎంత శాతం పోయిందో చార్టు గీసి డాక్టరుగారికి ఇవ్వడం నా పని. ఆయన సంతకం పెడితే అది సర్టిఫికెట్టు అవుతుంది. బస్సు పాసు నుంచి ఉద్యోగం దాకా అన్నీ ఆ కాగితం మీదే నడుస్తాయి.

ఆ నెల శిబిరం బాగేపల్లి తాలూకాలో ఒక ఊరి హైస్కూల్లో పెట్టారు. రోగుల జాబితాతో పాటు నాకు ఇంకో కాగితం వచ్చింది. అది బీఈఓ కచేరి నుంచి, అంటే తాలూకా విద్యాధికారి ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తరం. ఆ స్కూల్లోనే డి గ్రూపు నౌకరుగా, అంటే ప్యూనుగా, పనిచేస్తున్న చౌడప్ప అనే వ్యక్తి పూర్తి చెవిటివాడినని సర్టిఫికెట్టు చూపించి ఆ కోటాలో ఉద్యోగం పొందాడనీ, కానీ అతనికి చెవులు బాగా వినిపిస్తున్నాయని హెడ్మాస్టరు అర్జీ పెట్టుకున్నారనీ, మళ్ళీ పరీక్షించి నివేదిక ఇవ్వాలనీ దాని సారాంశం. వినిపిస్తుందని నేను రాస్తే పాత సర్టిఫికెట్టు రద్దవుతుంది, దాంతో పాటు ఉద్యోగమూ పోతుంది. చౌడప్పది చింతామణి తాలూకా కెంచార్లహళ్ళి. చదువుకునే పిల్లలు ఇద్దరు. ఆ జీతం తప్ప వేరే ఆధారం లేదని ఉత్తరం తెచ్చిన గుమాస్తానే నాకు చెప్పాడు.

శిబిరానికి ముందు రోజు సాయంత్రం నేను స్కూలుకు చేరుకునేసరికి హెడ్మాస్టరుగారు, లెక్కల మేష్టారు నా కోసం కాచుకుని ఉన్నారు. కాఫీ కన్నా ముందు కథ వచ్చింది.

చౌడప్ప ఆ స్కూల్లో చేరి తొమ్మిదేళ్ళు. పదకొండో ఏట విషజ్వరం వచ్చి వినికిడి పోయిందట. అప్పటికే మాటలు వచ్చి ఉన్నాయి కాబట్టి మాట్లాడతాడు, కాకపోతే తన గొంతు తనకు వినపడదు కాబట్టి ఏం చెప్పినా పొలం అవతలి గట్టు మీదున్న మనిషితో చెప్పినట్టు చెబుతాడు. అతనికి ఏదైనా చెప్పాలంటే సైగ చెయ్యాలి, లేదా పలక మీద రాయాలి. ఈ తొమ్మిదేళ్ళూ ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు. ఆ ఏడాది కొత్తగా చేరిన సైన్సు టీచరమ్మ మాత్రం మొదటి వారంలోనే ఒక అమాయకపు ప్రశ్న అడిగింది: చెవులు వినపడని మనిషి బజరు కొట్టగానే ఎలా వస్తున్నాడు?

ఆ ప్రశ్నకు స్టాఫ్ రూములో అందరూ వరండా వైపు తిరిగి చూశారట. నిజమే. హెడ్మాస్టరుగారి టేబుల్ మీద స్విచ్చి ఉంది, బజరు బయట వరండాలో ఉంది. ఆయన స్విచ్చి నొక్కితే అక్కడ స్టూలు మీద కూర్చున్న చౌడప్ప లేచి వస్తాడు. తొమ్మిదేళ్ళుగా ఒక్కసారి కూడా తప్పలేదు.

అసలు బాధ బజరు గురించి కాదని నాకు కాసేపట్లోనే అర్థమైంది. చెవిటివాడు కదా అని ఈ తొమ్మిదేళ్ళూ అతని ఎదుటే అన్నీ మాట్లాడుకున్నారు. బీఈఓ గారి మీద హెడ్మాస్టరుగారు అనగలిగినవన్నీ అన్నారు. హెడ్మాస్టరుగారి మీద లెక్కల మేష్టారు అనగలిగినవన్నీ అన్నారు. ఎవరికి ఎవరితో పడదో, ఎవరు సెలవు చీటీలో రాసిన కడుపునొప్పి ఏ పెళ్ళి భోజనాల దగ్గర తిరిగిందో, అన్నీ ఆ స్టూలుకు నాలుగు గజాల దూరంలోనే నడిచాయి. ఆ మనిషికి వినపడుతూ ఉంటే ఆ స్కూల్లో ఎవరూ తలెత్తుకుని తిరగలేరు.

లెక్కల మేష్టారు తన వంతుగా పరిశోధన కూడా చేసి ఉన్నారు. చౌడప్ప వెనక స్టీలు పళ్ళెం పడేస్తే వెనక్కి తిరిగాడట. అది రుజువు. వెనకే పిల్లిలా నిలబడి 'చౌడప్పా, నీకు ప్రమోషన్ వచ్చిందంట' అని మెల్లగా అంటే తిరగలేదట. అది కపటం.

"వాడు ఎంత పక్కా మనిషో చూడండి సార్, ప్రమోషన్ అన్నా గూడా చెవి కదపలేదు" అన్నారు హెడ్మాస్టరుగారు. ఇందులో చౌడప్పకు తప్పించుకునే దారి ఎక్కడుందో నాకు కనపడలేదు.

మరునాడు మిగతా రోగులను మధ్యాహ్నం లోపల ముగించి చౌడప్పను చివర్లో పిలిచాను. నలభై దాటిన మనిషి. ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా వేసుకుని, కాళ్ళు కడుక్కుని, చెప్పులు బయట విడిచి వచ్చాడు. పరీక్షకు నిశ్శబ్దమైన గది కావాలి కాబట్టి చిట్టచివరి క్లాసు రూము తీసుకున్నాను. సర్కారు స్కూళ్ళలో ఉండే పొడుగు డెస్కు మీకు తెలిసే ఉంటుంది. పుస్తకాలు పెట్టుకునే చెక్కా, కూర్చునే బెంచీ ఒకే ఇనప చట్రానికి బిగించి ఉంటాయి. యంత్రం డెస్కు మీద పెట్టాను. నా చేతులు కనపడకూడదు కాబట్టి చౌడప్పను అదే బెంచీ మీద, నాకు వీపు పెట్టి కూర్చోమన్నాను. నేను ఇవతల కుర్చీ వేసుకుని, డెస్కు కింది ఇనప పట్టీ మీద కాలు ఆనించి కూర్చున్నాను. ఈ అమరికను ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానో తర్వాత తెలుస్తుంది.

పరీక్ష పద్ధతి తేలికైనదే. చెవులకు హెడ్‌ఫోన్లు పెడతాం. యంత్రం బొంగురు ధ్వని నుంచి ఈల లాంటి సన్నని ధ్వని దాకా రకరకాల స్వరాలు ఇస్తుంది. ఒక్కో స్వరాన్ని ఎంత మెల్లగా ఇచ్చినా వినిపిస్తుందో చూడాలి. వినిపిస్తే రోగి వేలెత్తుతాడు. ఎత్తితే పది డెసిబెల్లు తగ్గిస్తాం, ఎత్తకపోతే అయిదు పెంచుతాం. చివరికి తేలిన మట్టాన్ని కుడి చెవికి ఎర్ర సున్నాతో, ఎడమ చెవికి నీలం ఇంటూ గుర్తుతో చార్టులో వేస్తాం. పలక మీద నేను రాసింది నాకు బాగా జ్ఞాపకం: 'తెలిస్తే వేలెత్తు.' చౌడప్ప చదివి, శ్రద్ధగా తల ఊపాడు.

మొదట గట్టి ధ్వనితో మొదలుపెట్టాను. వేలు లేచింది. పది తగ్గించాను. లేచింది. ఇంకో పది తగ్గించాను. మళ్ళీ లేచింది. కిటికీ అవతల హెడ్మాస్టరుగారి తలా, లెక్కల మేష్టారి తలా, వాటి వెనక ఇంకో మూడు తలలూ కనిపిస్తున్నాయి. వేలు లేచిన ప్రతిసారీ ఆ ముఖాల్లో ఒక ఛాయ తగ్గుతోంది. వాళ్ళు గెలుస్తున్నారు, కానీ గెలుస్తున్న మనుషుల ముఖాలు కావవి. తొమ్మిదేళ్ళలో ఎప్పుడెప్పుడు ఏమేమి అన్నామా అని లెక్క వేసుకుంటున్నారు.

నేను సున్నా డెసిబెల్లుకు దిగాను. సున్నా అంటే శబ్దం లేకపోవడం కాదు, మంచి చెవులున్న కుర్రవాడికి అతికష్టం మీద వినిపించే మట్టం. ఆ వయసుకు నాకే అది వినపడదు. చౌడప్ప వేలెత్తాడు. యంత్రంలో ఇంకా కిందికి ఒక మెట్టు ఉంది, దాన్ని మేం సాధారణంగా ముట్టుకోం. అక్కడా ఎత్తాడు. బొంగురు ధ్వనికీ, సన్నని ధ్వనికీ, కుడికీ, ఎడమకీ అన్నిటికీ ఎత్తాడు. చార్టు మీద గీత పైన అంచుకు అతుక్కుని తిన్నగా పోయింది. నా సర్వీసులో అంత మంచి వినికిడి నేను చూడలేదు.

ఈ చార్టు డాక్టరుగారి చేతికి వెళితే ఆ ఖాకీ చొక్కా రేపటి నుంచి ఉండదు. కానీ ఒక విషయం మింగుడు పడలేదు. చెవుడు నటించేవాళ్ళను నేను చాలామందిని చూశాను. వాళ్ళు చేసేది ఒక్కటే, వేలెత్తరు. ఎత్తితే దొరికిపోతామని వాళ్ళకు తెలుసు. ఈయనేమో తన ఉద్యోగం తనే పోగొట్టుకోవడానికి పరుగు పందెంలో పాల్గొన్నట్టు ఎత్తుతున్నాడు.

అంతలో లెక్కల మేష్టారు టీ గ్లాసు పట్టుకుని లోపలికి వచ్చారు. టీ తెచ్చే మనిషి పరీక్షలో ఉన్నాడు కాబట్టి ఆ రోజు ఆయనే తేవలసి వచ్చింది. నేను అన్నీ ఆపి గ్లాసు అందుకున్నాను. నా చెయ్యి యంత్రం మీద లేదు. చౌడప్ప వేలు లేచింది.

గ్లాసు పక్కన పెట్టాను. హెడ్‌ఫోన్ల వైరును యంత్రం నుంచి పూర్తిగా ఊడబీకి, ఏమీ జరగనట్టు మళ్ళీ పరీక్ష మొదలుపెట్టాను. వేలు లేచింది. మళ్ళీ లేచింది. ఎంత మంచి చెవులైనా ఊడిపోయిన వైరులోంచి వినలేవు. చౌడప్పను ఇటు తిప్పి పలక మీద రాశాను: 'ఎట్లా తెలుస్తోంది?'

అతను నన్ను కాస్త జాలిగా చూశాడు. తర్వాత వరండా చివరి దాకా వినిపించే గొంతుతో చెప్పాడు.

"మీరు కాలు ఊపుతాండారు గదా సార్. ఊపి ఊపి నిలిపేస్తాండారు. నిలిపినప్పుడల్లా నేను వేలెత్తుతాండాను. బెంచీ అంతా అదురుతాది, కూర్చున్నోనికి తెలీదా?"

కిటికీ అవతల ఎవరో కిసుక్కున నవ్వారు. కూర్చుంటే కాలు ఊపడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న దురలవాటు. మా అమ్మ తొడ మీద చరిచేది, నా భార్య కళ్ళెర్ర చేస్తుంది, అయినా పోలేదు. యంత్రం బటన్ నొక్కేటప్పుడు ధ్యాసంతా వేలి మీదికి పోయి కాలు ఆగిపోతుందన్న సంగతి మాత్రం అన్నేళ్ళలో వాళ్ళకూ తెలియదు, నాకూ తెలియదు. చౌడప్పకు అయిదు నిమిషాల్లో తెలిసింది. ఆ ఇనప చట్రం గుండా నా మోకాలు అతని నడుముకు కబురు పంపుతూనే ఉంది.

అలాంటప్పుడు ఎందుకు ఎత్తావని సైగ చేశాను. అతనికి ఆ ప్రశ్నే వింతగా తోచింది. "తెలిస్తే ఎత్తమని మీరే గదా రాసిస్తిరి. తెలిసె. ఎత్తితిని. తెలిసి గూడా ఎత్తకుంటే అబద్ధం కాదా?" అన్నాడు. తన ఉద్యోగం దేని మీద ఆధారపడి ఉందో అతనికి నాకన్నా బాగా తెలుసు. తెలిసే ఎత్తాడు. నేను సిగ్గుపడ్డాను. సిగ్గుపడవలసిన మాటే అది.

పరీక్ష మళ్ళీ మొదటి నుంచి చేశాను. గది నడుమ ఒక స్టూలు వేసి, అతని పాదాల కింద శిబిరం దుప్పటి నాలుగు మడతలు వేసి పరిచాను. యంత్రాన్ని కిటికీ గూట్లో పెట్టాను. నేను నిలబడ్డాను. వైరు గుచ్చానో లేదో రెండుసార్లు చూసుకున్నాను. ఈసారి సన్నని ధ్వనులకు, యంత్రం ఇవ్వగలిగినంత గట్టిగా ఇచ్చినా, చౌడప్ప బొమ్మలా కూర్చున్నాడు. కిటికీ దగ్గర ముఖాలు తేటపడ్డాయి. అయితే చివర్లో, అన్నిటికన్నా బొంగురు ధ్వనిని పూర్తి బలంతో ఇచ్చినప్పుడు, వేలు మళ్ళీ లేచింది.

"చూసినారా సార్, దొంగ దొరికె" అంటూ హెడ్మాస్టరుగారు లోపలికి వచ్చేశారు. ఆయన గొంతులో సంతోషం కన్నా భయమే ఎక్కువగా ఉంది.

ఇక్కడ మా వృత్తి రహస్యం ఒకటి చెప్పాలి. ధ్వని అంటే అదురే. చెవిలోకి పోతే దాన్ని వినికిడి అంటాం, ఒంటికి తగిలితే అదురు అంటాం. బొంగురు ధ్వనిని గట్టిగా ఇస్తే హెడ్‌ఫోను చర్మాన్నే కదిలిస్తుంది. పెళ్ళి ఊరేగింపులో డీజే పెట్టె పక్క నిలబడితే రొమ్ములో గుద్దినట్టు ఉంటుంది కదా, అదే ఇది. చెవులున్న మనకు చెవి ముందే చెప్పేస్తుంది కాబట్టి ఒళ్ళు చెప్పేది పట్టించుకోం. పూర్తి చెవిటివాళ్ళు ఈ అదురుకు వేలెత్తుతారు. తెలియని పరీక్షకుడు దాన్ని మిగిలిన వినికిడి అని రాసుకుంటాడు.

తేల్చుకోవడానికి ఒక మార్గం ఉంది. చెవి వెనక ఎముకకు ఆనించే చిన్న వైబ్రేటరు బిళ్ళ యంత్రంతోనే వస్తుంది. మొదట దాన్ని చౌడప్ప చెవి వెనక పెట్టి ఏ మట్టంలో వేలెత్తాడో చూశాను. తర్వాత అదే బిళ్ళను అరచేతిలో పెట్టాను. కాస్త అటూ ఇటూగా అదే మట్టంలో వేలు లేచింది. అరచేతికి చెవి లేదు కాబట్టి అతను వినడం లేదు, తాకిడి తెలుసుకుంటున్నాడని అర్థం. పలక మీద, 'వినపడిందా, తగిలిందా?' అని రాశాను. అతను దవడ ముట్టుకుని చూపించాడు. "ఈడ జుమ్మంటాది సార్. మురుగమల్ల ఉరుసులో నగారా కొడితే రొమ్ముకు తగల్తాది. ఇది శానా చిన్న నగారా" అన్నాడు. హెడ్మాస్టరుగారు బిళ్ళ తీసుకుని తన మోకాలి మీద పెట్టించుకుని, జుమ్మనగానే ఉలిక్కిపడి తిరిగి ఇచ్చేశారు.

అయినా బజరు సంగతి మిగిలే ఉంది. అందరం వరండాలోకి నడిచాం. బజరు గోడకు బిగించి ఉంది. దాని కిందే స్టూలు, స్టూలు మీద తొమ్మిదేళ్ళుగా చౌడప్ప, గోడకు ఆనిన అతని వీపు. వీపు తగిలే చోట సున్నం పోయి, మనిషి ఆకారంలో నున్నగా మెరుస్తోంది. ఆ మరక అందరూ రోజూ చూస్తున్నదే. నేను స్టూలును గోడకు మూరెడు ఇవతలికి జరిపి అతన్ని కూర్చోబెట్టి, హెడ్మాస్టరుగారిని లోపలికి వెళ్ళి స్విచ్చి నొక్కమన్నాను. బజరు మోగింది. చౌడప్ప ఆవరణలో గింజలు ఏరుకుంటున్న కోడిని చూస్తున్నాడు. మళ్ళీ మోగింది. కోడి తలెత్తి చూసింది గాని అతను చూడలేదు. హెడ్మాస్టరుగారు నమ్మకం కుదరక నొక్కుతూనే ఉన్నారు. చివరికి రెండు క్లాసుల పిల్లలు బడి వదిలారనుకుని సంచులతో బయటికి వచ్చేశారు.

ఫైలులో రెండు చార్టులూ పెట్టాను, ఒకటి దాచడం నా పద్ధతి కాదు. మరునాడు డాక్టరుగారు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసి, ఈ మొదటి మనిషికి ఇంత అద్భుతమైన వినికిడి ఉందే, ఎవరిది అని అడిగారు. అది నా కాలిది సార్ అని చెప్పవలసి వచ్చింది. ఆయన నవ్వు ఆపుకుని, రెండో చార్టు మీద సంతకం చేశారు. పూర్తి వినికిడి లోపం, పాత సర్టిఫికెట్టు సక్రమం. ఆ నివేదికే బీఈఓ కచేరికి వెళ్ళింది. చౌడప్ప ఉద్యోగం నిలిచింది.

పరీక్ష ముగిసిన సాయంత్రం యంత్రం పెట్టె చౌడప్పే మోసుకుని బస్సు దాకా వచ్చాడు. దారిలో, స్కూల్లో వాళ్ళు నువ్వు అన్నీ వింటున్నావని భయపడ్డారని పలక మీద రాసి చూపించాను. చదివి పెట్టె కింద పెట్టాడు. తర్వాత దారిన పోయేవాళ్ళందరికీ వినిపించేలా చెప్పాడు.

"వాళ్ళేం మాట్లాడుకుంటారో నాకు తెల్దు సార్. నగేది మాత్రం తెలుస్తాది. నేను టీ పెట్టేటప్పుడు టేబులు మీద చెయ్యి ఆనించినానంటే అదురుతాంటాది. తొమ్మిదేండ్లు అట్లే. అర్జీ పెట్టినప్పటి నుంచి ఈ నెలంతా టేబులు అదర్లేదు. అందురూ నోరు మూసుకోని ఉండారు. బాగుండె." బస్సు వస్తోందని నాకన్నా ముందే పాదాలకు తెలిసినట్టుంది, పెట్టె ఎత్తి భుజాన పెట్టుకున్నాడు. "మీరు బాగా పరీక్ష చేస్తిరి. రేపట్నించి మళ్ళా అదురుతాది."

ఆ తర్వాత పదవీ విరమణ దాకా నేను యంత్రానికి వేరే బల్ల, రోగికి వేరే స్టూలు వాడాను. కాలి అలవాటు మానలేకపోయాను కాబట్టి పరీక్ష చేసినంతసేపూ కుర్చీలో రెండు కాళ్ళూ పైకి మడుచుకుని బాసింపట్టు వేసుకునేవాణ్ణి. కొత్తగా వచ్చిన డాక్టర్లు అదేదో నిష్ఠ అనుకునేవారు. పలక మీద మాత్రం 'తెలిస్తే వేలెత్తు' అని మళ్ళీ ఎప్పుడూ రాయలేదు. 'వినపడితే ఎత్తు, తగిలితే చెప్పు' అని రాసేవాణ్ణి. యంత్రం కొలిచేది వేలిని. ఆ వేలు ఎందుకు లేచిందో అడిగి తెలుసుకోవలసింది పరీక్ష చేసే మనిషి. ఆ అడగవలసిన మాట నేను చౌడప్పను సర్వనాశనం చేసే చార్టు ఒకటి పూర్తిగా గీసేశాక అడిగాను.